వృత్తి గడిలో నాయనమ్మకి ఏం రాయాలి?

దివిసీమ_పిల్లోడు:
మా నాయనమ్మ పోయి ఈరోజుకి తొమ్మిదో రోజు. ఎల్లుండి పెద్దకర్మ. ఇల్లంతా చుట్టాలు, వంటవాళ్ళతో బేరాలు, టెంటు హౌస్ వాళ్ళ ఫోన్లు. ఈ హడావుడిలో ఇక్కడికి వచ్చి రాయడానికి ఒక కారణం ఉంది.

నిన్న సాయంత్రం నాన్న అరుగు మీద కూర్చుని మరణ నమోదు ఫారం నింపుతున్నారు. 21 రోజుల్లోపు ఇచ్చేయాలి కదా. పేరు, తండ్రి పేరు, వయసు, ఒక్కొక్కటే రాసుకుంటూ వచ్చి ఒక గడి దగ్గర ఆగారు. 'మరణించిన వారి వృత్తి' అని ఉంది. వృత్తి లేకపోతే 'లేదు' అని రాయమని పక్కనే సూచన. నాన్న కాసేపు పెన్ను ఎత్తి పట్టుకుని, 'లేదు' అని రాసేశారు.

నేను పక్కనే ఉండి కూడా ఏమీ అనలేదు. రాత్రి నిద్ర పట్టలేదు.

ఆవిడ పుట్టిల్లు మొవ్వ వైపు. ఐదారేళ్ళప్పుడే పొలానికి చద్ది మోసిందట. 14 ఏళ్ళకి పెళ్ళయి నాగాయలంక దగ్గరి మా ఊరొచ్చింది. అప్పటినుంచి ఈ ఏడు ఆకుమళ్ళ దాకా విత్తనాల లెక్క మొత్తం ఆవిడదే. వడ్లు నానేసి, మండె కట్టి, మొలక వచ్చిందో లేదో చూడాలంటే గోనె కిందకి చెయ్యి పెట్టేది. అరచెయ్యి కాదు, చెయ్యి తిరగేసి పెట్టేది. "ఇంకో పూట ఆగండి" అంటే ఆగాలి, "విప్పండి, మాడిపోద్ది" అంటే అర్ధరాత్రయినా లేచి నీళ్ళు చల్లాలి. మొన్న జూన్‌లో నడవలేకపోతే కుర్చీలో కూర్చోబెట్టి మోసుకెళ్ళాం, చెయ్యి పెట్టడానికి.

అడగాలనుకున్నవి రెండు. ఆ గడిలో ఏం రాయాలి? ఇంకోటి వయసు. ఆధార్‌లో 1938 జనవరి 1 అని ఉంది. అది తప్పని ఇంట్లో అందరికీ తెలుసు. ఆవిడ మాత్రం "ప్రజోత్పత్తిలో, కార్తీకంలో పుట్టా" అనేది. ఈ లెక్క ఎవరికైనా వచ్చా?

పాత_గుమాస్తా:
బాబూ, ముందుగా నా సానుభూతి. పెద్ద ప్రాణం.

వయసు సంగతి తేలికే. ప్రభవ 1927 ఉగాదికి మొదలైంది. అక్కడినుంచి విభవ, శుక్ల, ప్రమోదూత, ఆ తర్వాత ప్రజోత్పత్తి. అంటే 1931 ఉగాది నుంచి 1932 ఉగాది దాకా. కార్తీకం అన్నారు కాబట్టి 1931 చివర్లో పుట్టి ఉంటారు. 93 నిండి 94 నడుస్తున్నట్టు. 60 ఏళ్ళ చక్రం తిరిగి 1991లో మళ్ళీ ప్రజోత్పత్తి వచ్చింది, అదీ చూశారు, ఆ తర్వాత ఇంకో 34 ఏళ్ళూ ఉన్నారు. ఇక ఆధార్‌లో జనవరి 1 అంటారా, మన పల్లెల్లో ఆ తరం మొత్తం జనవరి 1నే పుట్టారు. కంగారు పడకండి.

వృత్తి గడి గురించి ఒక మాట. ఆ సమాచారం గణాంకాల కోసం తీసుకుంటారు, మీ చేతికొచ్చే ధ్రువపత్రం మీద అచ్చవదు. కాబట్టి ఏం రాసినా మీ పనులకి అడ్డు రాదు. నా ఉద్యోగంలో అలాంటి ఫారాలు వేలల్లో చూశాను. ఆడవాళ్ళ ఫారంలో ఆ గడి చదవకుండానే చెప్పేయొచ్చు, ఏం రాసి ఉంటుందో.

దివిసీమ_పిల్లోడు:
అచ్చవదా! అది విని కాస్త టెన్షన్ తగ్గింది, కాస్త బాధా వేసింది. ఎవరూ చూడని చోట కూడా 'లేదు' అనే రాశాం.

బడిపంతులు_కడప:
నేను 2011 జనగణనలో డ్యూటీ చేశాను. మాకు శిక్షణలో గట్టిగా చెప్పిన మాట ఇది: సొంత పొలంలో కూలి డబ్బులు తీసుకోకుండా చేసేదీ పనే. ఇంటి వాడకం కోసమే పాడి చూసుకున్నా పనే. ఏడాదిలో ఆరు నెలలకు పైగా చేస్తే ప్రధాన శ్రామికురాలు, తక్కువైతే మరో వర్గం. పొలం పేరున ఉందా లేదా అన్నది ప్రశ్నే కాదు. ఈ లెక్కన మీ నాయనమ్మ సాగుదారు.

కానీ జరిగేది వేరు. తలుపు కొడితే మగమనిషి వస్తాడు. "మీ ఆవిడ ఏం చేస్తుంది సార్?" "ఏం లేదు, ఇంట్లోనే ఉంటుంది." ఆమె అప్పుడే పెరట్లో పేడ ఎత్తుతూ కనిపిస్తూనే ఉంటుంది. సాయంత్రానికి ఇంకా 20 ఇళ్ళు చేయాలి. మళ్ళీ అడగకుండా రాసేసిన ఇళ్ళు నా ఖాతాలోనూ ఉన్నాయి. ఎన్నో చెప్పను.

పాలమూరు_జొన్నరొట్టె:
మా దిక్కు మాట చెప్తా. మా నాయనమ్మ 2021లో పోయింది. ఆమెది మోటబావి ఎవుసం. చిన్నప్పుడు ఎద్దులు దిగుడులోకి పోతుంటే బరువు కోసం మోట తాడు మీద కూర్చునేదట. "గదే నా ఉయ్యాల" అనేది. జొన్న, కంది, ఆముదం. రజాకార్ల లొల్లిలో గుమ్మిలోని జొన్నలు రాత్రికి రాత్రి గడ్డివాములో దాచిన కథ నేను ఒక యాభై సార్లు విన్నా. ప్రతిసారీ బస్తాల లెక్క మారేది.

తాత పోయినంక ఆమె పేరు మీద మూడెకరాల పాసుబుక్కు వచ్చింది. 2018 మేలో రైతుబంధు మొదటిసారి ఇచ్చినప్పుడు ఎకరానికి 4 వేల చొప్పున 12 వేల చెక్కు. చెక్కు మీద ఆమె పేరు. చదువు రాదు, అయినా "నా పేరు యాడుంది?" అని అడిగి వేలు పెట్టించుకుంది. బ్యాంకులో వేయమంటే ఇయ్యదు! చీరల పెట్టెలో పెట్టి తాళం వేసింది. మూడు నెలలు దాటితే చెల్లదని మా బాపు నెత్తి కొట్టుకుని బతిమిలాడితే, జిరాక్స్ తీసి చేతికిచ్చినంక అసలుది వదిలింది. ఆ జిరాక్స్ ఇప్పుడు నా దగ్గరుంది.

గడిలో 'ఎవుసం' అని రాయి తమ్మీ.

అనంత_బుడ్డలు:
ఎవుసమా? మా తట్టు సేద్యం అంటాం. మా అవ్వకు వేసవి వస్తే చేతి వేళ్ళు పగిలి ఉండేవి. విత్తనం బుడ్డలు, అంటే వేరుశనక్కాయలు, చేత్తోనే ఒలవాలి, మిషన్‌లో వేస్తే పొర ఊడి మొలవదని నమ్మకం. వీధి వీధంతా తిన్నెల మీద కూర్చుని ఒలిచేవాళ్ళు. నోట్లో ఒక గింజ వేసుకుంటే అవ్వ చూపు చాలు, మింగకుండా ఉమ్మేసేవాళ్ళం. విత్తనం తిన్నోడు ఇంటికి ఎసరు పెడతాడనేది. వాన రాని ఏడు మాత్రం ఆ విత్తనమే వేయించి మా ముందు పెట్టింది. ఆ రోజు ఎవరికీ తినబుద్ధి కాలేదు.

చేదుగా_చెప్తా:
ఎవరూ ఏమీ అనుకోకపోతే ఒక మాట. మా అమ్మమ్మ కూడా గోదావరి డెల్టాలో రైతు బిడ్డే. ఆవిడకి పొలమంటే అసహ్యం. నిజంగా అసహ్యం. వేళ్ళ సందులు బురదకి పాసి పుండ్లయ్యేవి, జెలగల్ని ఉప్పు వేసి పీకేది, కడుపుతో ఉన్నా పేడ తట్ట తప్పలేదు. మా మావయ్యకి హైదరాబాద్‌లో ఉద్యోగం రాగానే పెట్టె సర్దుకుంది. ఆ తర్వాత 30 ఏళ్ళు బతికింది, ఒక్కసారీ ఊరు చూస్తాననలేదు. పంపు తిప్పితే నీళ్ళు రావడం, తలుపున్న మరుగుదొడ్డి, ఈ రెండూ తన జీవితంలో గొప్ప సంగతులని చెప్పేది. బాల్కనీలో తులసి కుండీ పెడదామంటే "మళ్ళీ మట్టా?" అంది.

మనం ఏసీలో కూర్చుని మండె వేడి గురించి కవిత్వం చెప్పుకుంటున్నాం. అందుకే రాశాను.

దివిసీమ_పిల్లోడు:
అనుకోవడానికేముంది, నిజమే చెప్పారు. మా నాయనమ్మా పొలాన్ని ప్రేమించిందని నేను అనలేను. ప్రేమ అనే మాట ఆవిడ నోట ఎప్పుడూ వినలేదు. "చెయ్యకపోతే ఎవరు చేస్తారు" అనేది, అంతే.

ఫ్రిస్కో_బాబాయ్:
మా అమ్మమ్మ అంత్యక్రియలు వీడియో కాల్‌లో చూసినవాణ్ణి. ఫోన్ పట్టుకున్న కుర్రాడి చెయ్యి వణికి ఎక్కువసేపు ఆకాశమే కనిపించింది. ఇప్పుడు ఆవిడ గొంతు నా దగ్గర ఏడు నిమిషాలుంది, అదీ వంకాయ పచ్చడి ఎలా చేయాలో చెప్పిన వాయిస్ మెసేజ్‌లు కలిపితే. పెద్దవాళ్ళు ఉన్నవాళ్ళు ఈ రాత్రే ఫోన్ ఆన్ చేసి పక్కన పెట్టండి. ఇంటర్వ్యూలా అడగొద్దు, బిగుసుకుపోతారు. చిక్కుడుకాయలు ఈనెలు తీస్తున్నప్పుడు పక్కన కూర్చుంటే చాలు.

తమ్ముడూ, ఉప్పెనప్పుడు మీ నాయనమ్మ అక్కడే ఉందా?

దివిసీమ_పిల్లోడు:
అక్కడే, బాబాయ్. 1977 నవంబర్ 19, శనివారం. చేను కోతకొచ్చి ఉంది. గాలి మొదలయ్యాక తాతయ్య గొడ్ల తాళ్ళు కోసేశాడు. నీళ్ళొచ్చేసరికి ఆవిడ మా చిన్నత్తని వీపుకి చీరతో కట్టుకుని తుమ్మచెట్టెక్కింది. తెల్లారేదాకా అక్కడే. ముళ్ళు దిగిన మచ్చలు మోచేతుల మీద ఉండేవి, చిన్నప్పుడు నేను వాటిని లెక్కపెట్టేవాణ్ణి. నీళ్ళ గురించీ, శవాల గురించీ ఏనాడూ చెప్పలేదు. అడిగితే లేచి వెళ్ళిపోయేది.

చెప్పినదల్లా ఆ తర్వాతి సంగతి. పొలం ఉప్పు తేలిపోయింది. కాలవ నీళ్ళు పెట్టడం, నిలగట్టడం, తీసేయడం, మళ్ళీ పెట్టడం. గాదె పోయింది, విత్తనం గింజ లేదు. పుట్టింటికి వెళ్ళి రెండు బస్తాల వడ్లు తెచ్చింది. అప్పు అని చెప్పి మరీ తెచ్చిందట. పుట్టింటివాళ్ళు వద్దన్నా మూడో ఏడు తిరిగి కొలిచి ఇచ్చింది.

ఉద్దానం_పనస:
మాది శ్రీకాకుళం. 2018లో తిత్లీ తుఫాను వచ్చిన తెల్లారి మా మామ్మ, అప్పటికి ఎనభై దాటాయి, పడిపోయిన కొబ్బరిచెట్ల మధ్య కూలబడింది. ఏడుస్తుందనుకున్నాం. "మొక్కలు ఎప్పుడు తెస్తారు?" అంది. కొబ్బరి కాపుకి రావాలంటే అయిదారేళ్ళు. నాలుగో ఏట పోయింది. ఇప్పుడు కాస్తున్నాయి.

ఊడ్పుపాట:
ఇదంతా మొదట్నుంచీ చదివాను. రాయాలా వద్దా అని రెండ్రోజులు ఆగాను.

మా అమ్మమ్మదీ కృష్ణా జిల్లానే. మీ నాయనమ్మ లాంటి వాళ్ళ పొలాల్లోకే ఊడ్పులకి వెళ్ళింది. వంగి నాటుతూ వెనక్కి నడిచే పని. ఆవిడ పొలంలోనే పుట్టింది, మాటవరసకి కాదు, నిజంగానే. కోతల్లో మా ముత్తవ్వకి నొప్పులొస్తే గట్టు మీద కన్నదట. సెంటు భూమి లేదు. ఎనభై ఏళ్ళకి పైనే బతికి, 2016లో పోయింది.

ఆ ఫారం మా నాన్నే నింపారు. వృత్తి దగ్గర 'కూలీ' అని రాశారు. మాకు ఆ గడి దగ్గర పెన్ను ఆగలేదు.

మీ మీద కోపంతో రాయడం లేదు. ఒకటి అడగాలని ఉంది. మా అమ్మమ్మ ఇళ్ళని ఒకే గుర్తుతో చెప్పేది. కూలి వడ్లు కొలిచేటప్పుడు కుంచం రాశిగా పోసే ఇల్లు, అంచుకి సమంగా చేత్తో గీసేసే ఇల్లు. మనిషి మంచో చెడో వేరే చెప్పేది కాదు. మీ నాయనమ్మ రాశిగా పోసేదా, గీసేదా?

దివిసీమ_పిల్లోడు:
మీ పోస్టు పొద్దున చూశాను. వెంటనే జవాబు రాస్తే ఏదో నాకు నచ్చిన మాట రాస్తానని భయమేసి, పెద్దకర్మ అయ్యాక పెద్దత్తని అడిగాను. ఆవిడ నవ్వింది. "గీసేదిరా. మీ తాత రాశిగా పోసేవాడు. చెయ్యి నిలవదని కొలత ఆయన దగ్గర్నుంచి లాగేసుకుంది" అంది.

కాసేపాగి మళ్ళీ తనే, "గీసేది గానీ తరుగు పెట్టేది కాదు" అంది. నాన్న మధ్యలో అందుకుని, పురుళ్ళప్పుడు ఎవరింటికైనా నెయ్యి పంపేదని చెప్పబోతే అత్త ఆపేసింది. "అడిగింది కుంచం గురించి" అంది.

కాబట్టి మీ ప్రశ్నకి జవాబు అదే. గీసేది.

ఊడ్పుపాట:
అడిగి చెప్పినందుకు థాంక్స్. చాలామంది ఇక్కడ నెయ్యి గురించే రాసేవాళ్ళు.

చేదుగా_చెప్తా:
ఈ రెండు పోస్టుల కోసమైనా ఈ చర్చ ఉండాలి.

పాత_గుమాస్తా:
కుంచం మాట వచ్చింది కాబట్టి కుర్రాళ్ళ కోసం చెప్తున్నా. నాలుగు మానికలు కుంచం, నాలుగు కుంచాలు తూము, 20 తూములు పుట్టి. ఊరిని బట్టి కుంచం పరిమాణం మారేది, దాని మీద తగాదాలు కూడా జరిగేవి. మెట్రిక్ కొలతలు వచ్చి అరవై ఏళ్ళు దాటినా మా ఇంట్లో మా అమ్మ చివరిదాకా బియ్యం కిలోల్లో అడగలేదు. సోల, తవ్వ అనే అనేది. కోడళ్ళు తిప్పలు పడేవాళ్ళు.

ఇంతకీ ఫారం ఏమైంది బాబూ?

దివిసీమ_పిల్లోడు:
ఇచ్చేశామండీ, పదిహేనో రోజున. కొట్టివేత ఉంటే తీసుకోరేమోనని కొత్త ఫారం తెచ్చాను. నాన్న పెన్ను నాకిచ్చి, "నువ్వే రాయి, నీ ఫోన్‌లో వాళ్ళేం చెప్పారో" అన్నారు. వయసు 93. వృత్తి 'వ్యవసాయం'. ఎవుసం, సేద్యం కూడా రాద్దామనిపించింది గానీ గడి చిన్నది. కౌంటర్ దగ్గర మనిషి అదేమీ చదవలేదు, సంతకం ఎక్కడ అని మాత్రం అడిగాడు.

నాన్న బయటికొచ్చి టీ తాగుతూ, "అమ్మ పేరున ఎకరం ఉండేది తెలుసా" అన్నారు. నాకు తెలీదు. పుట్టింటివాళ్ళు పసుపు కుంకుమ కింద రాసిచ్చిందట. పెద్దత్త పెళ్ళికి అమ్మేశారు. అమ్మేటప్పుడు వేలిముద్ర వేసి వచ్చి, రెండు రోజులు ఎవరితోనూ మాట్లాడలేదట.

బడిపంతులు_కడప:
పసుపు కుంకుమ కింద వచ్చిన భూమి 1956 వారసత్వ చట్టం ప్రకారం ఆమెకి పూర్తి హక్కున్న సొంత ఆస్తి. ఆడపిల్లలకి పుట్టింటి ఉమ్మడి ఆస్తిలో సమాన వాటా అని మన రాష్ట్రం 1986లో చట్టం చేసింది, కానీ 1985 సెప్టెంబర్ 5కి ముందే పెళ్ళయినవాళ్ళకి అది వర్తించలేదు. అంటే ఆ చట్టం ఆవిడకి అక్కరకు రాలేదు.

దివిసీమ_పిల్లోడు:
ఇంకో సంగతి. నిన్న వంటింటి అటక సర్దుతుంటే మూతికి గుడ్డ కట్టిన కుండ ఒకటి దొరికింది. లోపల బూడిద, బూడిదలో నాలుగు గుడ్డ మూటలు. చీటీ ఏదీ లేదు, ఆవిడకి రాయడం రాదు కదా. పెద్దత్త చూడగానే గుర్తుపట్టింది. ఏ చీర ముక్కలో కడితే ఆ చీర కట్టిన ఏటి గింజ అన్నమాట. ఆకుపచ్చది నా పెళ్ళికి పెట్టిన చీర, అంటే మూడేళ్ళ కిందటి సొర. ఎర్రంచుది చిక్కుడు. నీలం పూలది కంది, పక్కింటికి ఇవ్వాలని తీసిపెట్టిందట. నాలుగోది తెల్ల గుడ్డ, అత్తకీ తెలీదు. లోపల గింజ దోస గింజలా ఉంది.

ఇవి ఇంకా మొలుస్తాయా?

అనంత_బుడ్డలు:
వేసేస్తే మాత్రం పోతాయి అన్నా, ముందు పరీక్ష చెయ్యి. ఒక్కో రకం నుంచి ఇరవై గింజలు తీసి తడి గోనె ముక్కలో వరసగా పరిచి చుట్టి నీడన పెట్టు. ఆరకుండా చూసుకో, నీళ్ళు కారేలా మాత్రం తడపొద్దు. వారంలో ఎన్ని మొలిస్తే అదే లెక్క. సొర తోలు గట్టి, ఒక రాత్రి నానేసి పెట్టు.

ఫ్రిస్కో_బాబాయ్:
సొర మొలిస్తే నాకు పది గింజలు పంపు అందామనుకున్నా, ఇక్కడి కస్టమ్స్‌వాళ్ళు ఊరుకోరు. ఫోటోలు పంపు చాలు.

దివిసీమ_పిల్లోడు:
వారం అయింది. లెక్క ఇదిగో.

సొర ఇరవైకి పద్నాలుగు. కంది పదహారు. చిక్కుడు ఒక్కటీ లేదు, విప్పి చూస్తే లోపల అంతా పుచ్చు. బూడిద తక్కువైందని అత్త తేల్చింది. తెల్ల గుడ్డవి మూడు మొలిచాయి. నాన్న వాటిని మట్టి కుండీలో పెట్టి అరుగు మీదకి తెచ్చారు, కోళ్ళు పొడవకుండా పైన బుట్ట బోర్లించారు. ఇప్పుడు రెండేసి ఆకులున్నాయి. ఫోటో పెట్టాను, ఏమిటో చెప్పండి.

పాలమూరు_జొన్నరొట్టె:
దోస. పక్కా.

ఉద్దానం_పనస:
నాకు బుడమలా ఉంది.

పాత_గుమాస్తా:
రెండాకులప్పుడు అన్నీ ఒకేలా ఉంటాయి. కనీసం ఇంకో రెండాకులు రానివ్వండి.

ఊడ్పుపాట:
ఆకుని బట్టి కూడా చెప్పలేరు. కాయ కాసేదాకా ఆగాల్సిందే. పందిరి వేస్తారా, నేల మీదే పాకనిస్తారా?

దివిసీమ_పిల్లోడు:
నాన్న కర్రలు కొట్టుకు రావడానికి వెళ్ళారు.